సంతకం లేని గడి

ఇలా దగ్గరకు జరగండమ్మా, ఆ కూలరు మోతలో నా మాట సగం గాలికే పోతుంది. చేతుల్లో ఫోన్లుంటే కాసేపు బోర్లించండి. ద్వారకలో జయకుమారి అని ఒకావిడ, ఒక మధ్యాహ్నం పూట గంటసేపు కంప్యూటరు ముందు కూర్చుని ఏమేం అనుకుందో చెబుతాను. ఆ గంటలో యుద్ధాలేమీ జరగలేదు. తెర మీద ఒక ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి పాకింది, అంతే. ఆ గీత పాకినంతసేపూ ఆవిడ కడుపులో ఏం పాకిందో, వినాల్సింది అది.

శుక్రవారం, మూడున్నర. కొడుకు ఫెలిక్స్ నోయిడాలో ఆఫీసులో ఉన్నాడు, కోడలు కస్తూరి ఆసుపత్రి డ్యూటీలో ఉంది. ఇంట్లో ఉన్నది జయకుమారీ, మనవరాలు ఫెయితూ. పదో తరగతిలోకి వచ్చిన పిల్ల లెక్కల ట్యూషనుకు బూట్లు తొడుక్కుంటూ గుమ్మంలోంచి చెప్పింది: “నానమ్మా, సునో. యే లైన్ పూరీ హోగీ, ఫిర్ ఏక్ డబ్బా ఆయేగా. ఉస్‌మే యెస్ దబానా. దో మినట్ మే నహీ దబాయా తో ఖుద్ కేన్సిల్.” తెర మీద గీత నిండాక ఒక డబ్బా వస్తుంది, అందులో యెస్ నొక్కాలి, రెండు నిమిషాల్లో ఎవరూ నొక్కకపోతే పని దానంతటదే రద్దయిపోతుంది. “నొక్కుతాలేవే,” అంది జయకుమారి. “పక్కా?” “పక్కా.” లిఫ్టు తలుపు మూసుకోబోతుండగా ఇంకో మాట లోపలికి వచ్చి పడింది. “ఆజ్ ఠీక్ నహీ హువా నా, తో పూరీ ఛుట్టియా ఫరీదాబాద్.” ఇవాళ ఈ కంప్యూటరు బాగుకాకపోతే సెలవులన్నీ ఫరీదాబాదులోనే. ఫరీదాబాదంటే అమ్మమ్మ. అమ్మమ్మంటే మాణిక్యం. మాణిక్యమంటే, ఆ పేరు తలుచుకోగానే జయకుమారి లేచి గ్లాసుడు మంచినీళ్ళు తాగింది, ఆ పేరు మాత్రం దిగలేదు.

నూటికి నాలుగు అని చూపిస్తోంది గీత. నెట్టు నెమ్మదిగా ఉంది, గంట పడుతుందని చెప్పే వెళ్ళింది పిల్ల. ఇంటి పైనుంచి విమానం దిగుతూ పోయింది, కిటికీ అద్దం వణికింది, ద్వారకలో అది మామూలే, మాట మధ్యలో ఆపి విమానం పోయాక అందుకోవడం ఈ ఇంట్లో పాలుతాగే వయసు నుంచే ఫెయిత్‌కు అలవాటు. ఆ పిల్లకు మొదటి మాట నేర్పింది తను. మొదటి మాట నీళ్ళు. అమ్మ కాదు, నాన్న కాదు, నీళ్ళు. కస్తూరికి అప్పుడు రోజుకు పన్నెండు గంటల డ్యూటీ, పిల్ల పెరిగింది జయకుమారి చంకలోనే. అప్పుడెక్కడుంది మాణిక్యం? చీరాలలో ఉంది. ఏడాదికి ఒకసారి చేగోడీల డబ్బా పంపేది. నాలుగేళ్ళ కిందట ఆవిడ కొడుకు యెషయాకు ఫరీదాబాదు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి తల్లిని తెచ్చుకున్నాడు, మరుసటి చలికాలం ఆవిడ స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది, ఇక గడప దాటదు. జయకుమారే వెళ్ళి వారం రోజులు దగ్గరుండి చేసింది కూడాను, కట్టు కట్టడం, పక్క మార్చడం, ముప్పయ్యేళ్ళు ఢిల్లీ ఆసుపత్రిలో నర్సుగా చేసిన చేతికి అదొక లెక్కా. “వదినగారూ, మీ చెయ్యి వెన్న,” అంది మాణిక్యం అప్పుడు. వెన్నే. ఆ వెన్న పూసి నిలబెట్టిన మనిషే ఇవాళ ఇంట్లో కాలు పెట్టకుండా పిల్లను ఎత్తుకుపోయింది.

ఎలా ఎత్తుకుపోయిందంటే, ఆటతో. ఫెయితే నేర్పింది. యెషయా ఆఫీసులో తీసేసిన పాత కంప్యూటరు ఆవిడ మంచం పక్కన పెట్టి, ఇక్కడ ఈ పిల్లా అక్కడ ఆ ముసలావిడా నెట్టులో కలుసుకుని ఒక ఊరు కట్టే ఆట. నేల చదును చేస్తారు, కాలవ తవ్వుతారు, కోళ్ళను పెంచుతారు, గంట గోపురం కడతారు. ఐదింటి నుంచి ఏడింటిదాకా చెవులకు ఆ దొప్పలు తగిలించుకుని పిల్ల ఒకటే నవ్వు. ఏం విని నవ్విందో ఇంట్లో వాళ్ళకు తెలియదు, నవ్వు మాత్రం ఇక్కడ, మాట అక్కడ. అది కూడా ఓర్చుకునేది జయకుమారి. ఓర్వలేనిది ఇంకొకటి. ఆ పిల్ల అమ్మమ్మతో తెలుగులో మాట్లాడుతుంది. వచ్చీరాని తెలుగు, “అమ్మమ్మా, కోడి ఎక్కడ పోయినాడు,” అని, అవతల ఆవిడ ఏం దిద్దుతుందో, “సరే సరే, పోయింది, పోయింది,” అని. ఎందుకూ? మాణిక్యానికి హిందీ రాదు గనుక. జయకుమారికి వచ్చు గనుక, నానమ్మ తెలుగులో ఎంత అడిగినా జవాబు హిందీలోనే. అన్నం తింటావా అంటే భూఖ్ నహీ హై, ఆకలి లేదని. ఎక్కడికే అంటే నీచే, కిందికని. ఎండల్లో, చలిలో, బస్సుల్లో, వార్డులో పంజాబీ ముసలివాళ్ళ తిట్లు తింటూ ముక్కా ముక్కా కూడబెట్టుకున్న హిందీ అది. దాన్ని నేర్చుకున్న పాపానికి సొంత మనవరాలి నోటి తెలుగు తనకు లేకుండా పోయింది, నాలుగేళ్ళయినా కూరగాయల బండివాడితో ఆలూ అని కూడా అనలేని మనిషికి దక్కింది. ఇదెక్కడి న్యాయం ప్రభువా అని ఆదివారం ప్రార్థనలోనే అడిగింది ఒకసారి, పక్కన ఉన్నామె కళ్ళు తెరిచి చూసింది.

పదకొండు. నూటికి పదకొండు. ఆ అంకె చూడగానే జయకుమారి చూపు పక్కకు తిప్పుకుంది. ఎందుకు తిప్పుకుందో చెబుతాను, తొందరపడకండి.

పొద్దున ఫెయిత్ బడికి పోయాక, పదకొండింటికి జయకుమారి ఈ కంప్యూటరు పెట్టుకుని బాపట్ల చర్చి వాక్యం వింటుంది, ఫెలిక్స్ అలా అమర్చి పెట్టాడు. పాట అయిపోయి పాస్టరుగారు గొంతు సవరించుకునే వేళకు, అంటే పదకొండూ పదికి, కింద మూలన ఒక డబ్బా లేచేది. కొత్త డ్రైవరు వచ్చింది, వేసుకుంటారా? యెస్, లేటర్. మొదటిసారి చూసినప్పుడు నిజంగానే భయపడింది. డాక్టరు రాసివ్వని మందు వేయకూడదు, నడుస్తున్న యంత్రాన్ని కదపకూడదు, ఇవి రెండూ ఆవిడ రక్తంలో ఉన్న మాటలు. లేటర్ నొక్కింది. పిల్లను అడుగుదామనుకుంది, మరిచిపోయింది. మర్నాడూ వచ్చింది, మర్నాడూ నొక్కింది. పది రోజులు అలా అమాయకంగానే గడిచాయి. పదకొండో రోజో పన్నెండో రోజో సాయంత్రం, ఊళ్ళో కోళ్ళకు గింజలు చల్లుతుండగా ఆట బిగుసుకుపోయింది. కోడి గాలిలో కాలెత్తినది ఎత్తినట్టే ఉంది. తరవాత తెర నల్లబడి ఆటంతా మూసుకుపోయింది. ఫెయిత్ దొప్పలు తీసి విసిరేసి, కుర్చీలోంచి లేచి, ఎన్నాళ్ళకో వంటింట్లోకి వచ్చింది. గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతూ పునుగులు వేడివేడిగా నాలుగు తిని, బళ్ళో ఎవరితో ఎవరు మాట్లాడటం మానేశారో గంటసేపు చెప్పింది. హిందీలోనే. అయితేనేం. మూకుట్లో నూనె చల్లారిపోయినా జయకుమారి పొయ్యి ముందునుంచి కదల్లేదు.

ఆ సాయంత్రమే పిల్ల చెప్పింది డ్రైవరంటే ఏమిటో, నానమ్మే అడిగింది, ఊరికే అడిగినట్టు. కంప్యూటరులో బొమ్మలు చూపించే పలక ఒకటుంటుందట. ఆట ఒక భాషలో చెబుతుందట, పలకకు ఇంకో భాషే అర్థమవుతుందట, మధ్యలో నిలబడి ఇటు మాట అటు చెప్పేదే డ్రైవరు. ఆట కొత్త మాటలు నేర్చుకుని ముందుకుపోయాక డ్రైవరు పాతదే అయితే నత్తి నత్తిగా చెప్పి చెప్పి ఒకచోట ఆగిపోతుంది. జయకుమారికి అది ఒక్కసారిగా అర్థమైంది. వార్డులో తను చేసిందేమిటి మరి? పెద్ద డాక్టరు హిందీలో అడిగేవాడు, గుంటూరు నుంచి కూలికి వచ్చి పడ్డ మేస్త్రీ తెలుగులో మూలిగేవాడు, మధ్యలో జయకుమారి. గుండెల్లో కలుక్కుమంటోందంటే హిందీలో ఏమనాలో తెలియక మొదటి ఏడాది ఆవిడ నోరూ అలాగే గాలిలో కాలెత్తిన కోడిలా ఆగిపోయేది. అంత బాగా అర్థమైంది. అర్థమయ్యాక మర్నాడు పదకొండూ పదికి డబ్బా లేచింది. ఇదివరకు తెలియక నొక్కిన లేటరు ఆ రోజు తెలిసి నొక్కింది. చెయ్యి వణకలేదు. ఓర్వలేనితనం చేతికి అంత నిలకడనిస్తుందని ఆవిడకూ ఆ వయసులోనే తెలిసింది.

ఇరవై ఎనిమిది. కింద కాపలావాడు ఎవరినో బండి తీయమని కేకలేస్తున్నాడు. కంప్యూటరు పెట్టె పక్కన జయకుమారి అల్లిన తెల్ల లేసు కప్పు మడతపెట్టి ఉంది, దాన్నే అన్నిటికంటే ముందు తీసేసింది పిల్ల, వేడెక్కుతోందేమోనని. తరవాత బ్రష్షుతో దుమ్ము దులిపింది, బొమ్మల నాణ్యత తగ్గించింది, ఆటను పీకేసి మళ్ళీ వేసింది, తీగ మార్చింది. అన్నీ రాసింది కూడా. అదిగో ఆ రాసిన అట్టే, కీబోర్డు పక్కనే ఉంది, చూడకూడదనుకుంటూనే జయకుమారి ఇందాకటినుంచి చూస్తోంది. వార్డులో మంచానికి తగిలించే కాగితం అది. తేదీ, టైము, రోగి ఎలా ఉన్నాడు, ఏమిచ్చారు, ఇచ్చినవారి సంతకం. రిటైరయ్యేటప్పుడు పారేస్తున్న పాత పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకుంది. ఫెయిత్‌కు ఐదేళ్ళప్పుడు డెంగీ వచ్చింది, ఊళ్ళో ఏ ఆసుపత్రిలోనూ మంచం దొరకని సెప్టెంబరు, ఇంట్లోనే ఉంచి ఆ కాగితాల మీద గంటగంటకూ జ్వరం రాసింది. తగ్గుతున్న రోజుల్లో పిల్ల చేతికే పెన్నిచ్చి, ఇదిగో ఇక్కడ అంకె వేయి, ఇక్కడ నానమ్మ సంతకం పెడుతుంది, ఎందుకు పెడుతుందీ? “మందు ఇచ్చింది ఎవరో తెలియాలి,” అనేది పిల్ల, తెలుగులో, ముద్దగా. అవును, ఎవరిచ్చారో తెలియాలి. సంతకం గడి ఖాళీగా ఉండకూడదు. ఒకసారి వార్డులో కొత్తగా వచ్చిన పిల్లనర్సు మందిచ్చి సంతకం మరిచింది, తరవాతి డ్యూటీ ఆవిడ ఇవ్వలేదనుకుని మళ్ళీ ఇచ్చింది, మనిషి చావు దాకా పోయి వెనక్కి వచ్చాడు. ఖాళీ గడి మనిషిని చంపుతుందమ్మా అని ఆ నర్సుకు చెప్పింది తనే. చెప్పిన నోరు ఇదే.

ఆ అలవాటుతోనే ఆట జబ్బు కూడా చార్టు కట్టింది ఫెయిత్. జయకుమారి కళ్ళజోడు పెట్టుకుంది. ఇంగ్లీషు ముక్కలే, నర్సు చదువుకు వచ్చిన ఇంగ్లీషు చాలు. మార్చి ఆరు, శుక్రవారం, ఆగింది. ఏడు, శనివారం, అమ్మమ్మ కంప్యూటరు చూశాను, బాగానే ఉంది. పదమూడు, శుక్రవారం, రెండుసార్లు ఆగింది. పద్నాలుగు, శనివారం, అమ్మమ్మ దగ్గర తీగ మార్చాను. ఇరవై, ఇరవై ఒకటి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. కిందికి దిగుతున్న జయకుమారి వేలు ప్రతి శనివారం దగ్గరా ఆగింది. పిల్ల ప్రతి శనివారం మెట్రో ఎక్కి, మండీ హౌస్‌లో లైను మారి ఫరీదాబాదుకు ఎందుకు పోతోందో ఇన్నాళ్ళూ ఆవిడ అనుకున్నది వేరు. మాణిక్యం గోంగూర పంపిందనీ, రమ్మని ఏడ్చిందనీ, పిల్లను మందు పెట్టి మరీ లాగుతోందనీ అనుకుంది. కస్తూరితో అననే అన్నది, మీ అమ్మకు కాలు లేకపోయినా చెయ్యి పొడుగే అని. కస్తూరి ఆ మాటకు రెండు రోజులు మాట్లాడలేదు. తీరా చూస్తే ఇది. ఇక్కడి కంప్యూటరు రెండేళ్ళ కిందట కొన్నది, అక్కడిది పదేళ్ళ పాతది. తప్పు పాతదానిదే అనుకుంది పిల్ల. ముసలిదానిదే అనుకుంటారు ఎవరైనా. అందుకని దాన్ని బాగుచేయడానికి ప్రతి శనివారం సంచి భుజాన వేసుకుని పోయింది. ఆ పాతదానికి ఏ జబ్బూ లేదు. మాణిక్యం ఎదుటికొచ్చిన ప్రతి డబ్బాకూ యెస్ అనే మనిషి, ఆవిడది ఎప్పటికప్పుడు కొత్తగానే ఉంది. జబ్బు ఇక్కడ. నొక్కిన ప్రతి లేటరూ ఒక మెట్రో టిక్కెట్టు. తను పొద్దున పదకొండూ పదికి వేలితో తోసింది, పిల్ల వెళ్ళి ఆ మంచం పక్కన పడింది. ఆవిడ ఎత్తుకుపోలేదు. తనే ఎత్తుకెళ్ళి ఒళ్ళో పెట్టి వచ్చింది.

నవ్వాలో ఏడవాలో తెలియక జయకుమారి కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది. అప్పుడు కనిపించింది చివరి వరుస. ఇవాళ్టిదే. బడి నుంచి వచ్చాక పిల్ల కంప్యూటరు లోపలి జాబితా ఏదో తెరిచి చాలాసేపు చూసింది, ఈ కొత్త డ్రైవరు పెట్టి ట్యూషనుకు పోయింది. ఆ వరుసలో రాసి ఉంది: డ్రైవరు జనవరిది. రోజూ లేటర్. రోజూ పదకొండూ పదికి. ఇచ్చినవారి సంతకం గడి ఖాళీ. ఖాళీ గడి పక్కన పెన్ను, మూత తీసి.

పదకొండూ పదికి ఈ ఇంట్లో ఎవరుంటారు? గోడ మీద బల్లి ఉంటుంది, జయకుమారి ఉంటుంది.

అరవై. అరవై నాలుగు. ఇప్పుడు గీత పరిగెడుతోంది, ఇందాక కదలనిది. పిల్ల తెలిసే తనను కూర్చోబెట్టి పోయిందన్నమాట. అడగలేదు, అరవలేదు. నానమ్మా నువ్వేనా అని ఒక్క మాట అంటే కాదని గట్టిగా అరిచి, అలిగి, అన్నం మానేసి గెలిచేది. ఆ దారి లేకుండా చేసింది పిల్లముండ. ఎవరి మనవరాలు మరి. పొంగు వచ్చినట్టు వచ్చి అంతలోనే అణిగింది ఆ గర్వం. ఇప్పుడేం చేయాలి? ఊరుకుంటే రెండు నిమిషాలకు డబ్బా తనే మూసుకుంటుంది, బాత్‌రూములో ఉన్నానని చెప్పొచ్చు. ఊరుకుంటే పిల్ల సెలవులన్నీ ఫరీదాబాదులో. యెస్ అంటే సెలవులు ఇక్కడే, ఈ కుర్చీలోనే, కానీ ఐదు నుంచి ఏడు దాకా ఆ నవ్వు మళ్ళీ దొప్పల్లో, ఆ తెలుగు మళ్ళీ ఆవిడకు. ఎటు చూసినా మాణిక్యమే. తుంటి విరిగి మంచం మీద కూర్చుని రెండు దారులకూ అడ్డం కూర్చుంది మహాతల్లి. సెలవుల్లో పొద్దున్నే పిల్ల తల దువ్వేది ఆవిడే అవుతుందా? ఆవిడకు జడ అల్లడం రాదు, కస్తూరికి చిన్నప్పుడు వంకరజడలే, ఫోటోల్లో చూసింది. రెండు నెలల వంకరజడ. దువ్వెన పట్టుకుని పిల్ల ఇక్కడ లేని పొద్దున ఒకటి ఊహించుకుంది జయకుమారి, విమానం పోతుంది, మాట మధ్యలో ఆపాల్సిన అవసరం ఉండదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు గనుక.

డబ్బా లేచింది.

ఇంకా తొంభైలో ఉందనుకున్నది ఎప్పుడు నిండిందో. మధ్యలోకే వచ్చి నిలబడింది, యెస్, నో. మంచిమనసుతో నొక్కిందని చెప్పను, అబద్ధం చెబితే మీకు కథ అబ్బదు. కుళ్ళుతోనే నొక్కింది. పెట్టె బాగుపడితే శనివారాలు ఉండవు, ఆ మెట్రో ఉండదు, సెలవులు నావి, ఆ రెండు గంటలు ఆవిడ మొహాన కొడతాను, మిగతా ఇరవై రెండూ నావి అనుకుంటూ నొక్కింది. నొక్కగానే తెర మొత్తం నల్లబడింది.

అంత నలుపు. పెట్టె లోపల గాలిమర కూడా ఆగినట్టనిపించింది. చంపేశానా? ఇన్నాళ్ళూ కావాలని చేసినది ఒక ఎత్తు, ఇవాళ నిజంగా చేయకుండా అయినది ఒక ఎత్తు, కానీ ఎవరు నమ్ముతారు. నల్లటి తెరలో తన మొహమే కనిపించింది, జోడూ, నెరిసిన పాపిడీ, వెనక వంటింటి తలుపు. ప్రభువా, ఊరు ఉండనీ, ఆ కోళ్ళు ఉండనీ, ఆవిడ గంట గోపురం ఉండనీ అనేసింది, అన్నాక తనే ఉలిక్కిపడింది ఎవరి గోపురం కోసం ప్రార్థిస్తున్నానా అని. మంచం పక్కన ఇంకా తెలియకుండా ఐదింటి కోసం దువ్వుకుని, పౌడరు రాసుకుని కూర్చుని ఉండే మాణిక్యం కనిపించింది ఆ నలుపులో. పౌడరు రాసుకుంటుందని పిల్లే చెప్పింది ఒకసారి, ఆటలో మొహం కనపడకపోయినా. ఆ వారం రోజులూ పక్క మారుస్తున్నప్పుడు ఆ ఒళ్ళు ఎంత తేలికగా ఉండేదో చేతులకు జ్ఞాపకమొచ్చింది. తరవాత తెర టప్పున వెలిగింది. రంగులు ఇదివరకటికంటే కడిగినట్టు ఉన్నాయి. అయిపోయింది అని రాసి ఉంది.

నాలుగూ నలభై. పెన్ను తీసుకుంది. ఖాళీ గడి మీద చెయ్యి పెట్టి ఆగింది. వార్డులో అయితే జె.కె. అని గిలికేది, ముప్పయ్యేళ్ళు గిలికిన సంతకం, పిల్ల గుర్తుపడుతుంది. ఇవాళ అలా గిలకలేదు. నిండుగా, పొందిగ్గా, తెలుగులో రాసింది: జయకుమారి. పూర్తి పేరు. ఎందుకో తెలుసా? ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు గనుక. కొడుక్కీ రాదు, కోడలు పిల్ల కాగితాల జోలికి రాదు. దేవుడి ముందు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, పిల్ల ముందు పరువూ ఉంటుంది. గడి ఖాళీగా లేదు, అంతే కదా కావలసింది. మూత పెట్టి, లేసు కప్పు ఒళ్ళో వేసుకుని, దాని అంచులు సర్దుతూ కూర్చుంది, చేసిన పాపాన్ని పద్ధతి ప్రకారం దాచిపెట్టుకున్న మనిషిలా.

ఐదింటికి ఫెయిత్ వచ్చింది. బూట్లతోనే లోపలికి వచ్చి తెర చూసింది, ఆట తెరిచింది. కోడి కాలు ఎత్తింది, దించింది. ఇంకోటి గింజ ఏరింది. పిల్ల గట్టిగా ఊపిరి వదిలి చార్టు అందుకుంది. జయకుమారి కిటికీలోంచి ఎదుటి బాల్కనీలో ఆరేసిన దుప్పటి చూస్తోంది, అంత శ్రద్ధగా ఎవరూ దుప్పటి చూడరు. కాగితం మీద వేలు పెట్టిన చప్పుడు వినిపించింది, గోరు చప్పుడు. తరవాత గొంతు, మెట్టు మెట్టుగా ఎక్కుతున్నట్టు.

“జ... య... కు...”

జయకుమారి దుప్పటి మీదనుంచి చూపు తీసింది.

“మా... రి. జయకుమారి.” పిల్ల తలెత్తింది. “నువ్వు రాసినావా?”

“నీకు చదవడం ఎవరు నేర్పారే?”

“అమ్మమ్మ. ఆటలో. రాళ్ళు పెట్టి రాస్తాం కదా,” అని తెర మీద ఊరి అవతల చూపించింది. ఇన్నాళ్ళూ దూరంనుంచి జోడు లేకుండా చూసి గోడలనుకున్నవి గోడలు కావు. మైదానం నిండా తెల్లరాళ్ళు పేర్చి అ, ఆ, క, గుడి, కొమ్ము. నలభై సాయంత్రాలకు సరిపడా అక్షరాలు. ఆవిడ దగ్గర నేర్చుకున్న చదువుతో తన పేరు చదివింది పిల్ల. ఈ ఇంట్లో తెలుగులో రాసిన తన పేరు ఎవరైనా పైకి చదవడం అదే మొదలు. ఎంత మండిందో, ఆ మంటలోనే ఎంత హాయిగా ఉందో, రెండూ ఒకేచోట ఎలా పట్టాయో ఆవిడకే తెలియాలి.

“రోజూ నువ్వేనా, నానమ్మా?”

“నేనే.”

“క్యోం?” అని, మళ్ళీ తనే సర్దుకుని, “ఎందుకు?”

“అది ఆగితే నువ్వు లేచి వంటింట్లోకి వస్తావని.”

ఫెయిత్ నవ్వలేదు, ఓదార్చలేదు. పెన్ను తీసుకుని, నానమ్మ సంతకం కింద, డ్యూటీ మారేటప్పుడు తరవాతివాళ్ళు పెట్టినట్టు, వంకరటింకర అక్షరాలతో తన పేరు రాసింది, ఫె వరకూ వచ్చి ఆపై ఏం చేయాలో తెలియక ఆగింది. జయకుమారి ఆ చెయ్యి పట్టుకుని మిగతాది దిద్దించింది. ఆ ఒక్క ముక్క మాణిక్యం ఇంకా నేర్పలేదు. ఆ సంగతి జయకుమారి మనసులో ఒక మూల పెట్టుకుంది, పారేసుకోలేదు.

తరవాత పిల్ల దొప్పల తీగ పీకేసింది. మాణిక్యం గొంతు గదంతా పరుచుకుంది, “వచ్చావా తల్లీ, మీ ఇంట్లో బాగైందా?”

“అయింది అమ్మమ్మా. నానమ్మ చేసింది. ఇక్కడే ఉంది.”

అవతల కుర్చీయో మంచమో కిర్రుమంది. “వదినగారూ, బాగున్నారా? మీ చేతి చలవ. అయితే ఇంక,” అని ఆ గొంతు కొంచెం తగ్గింది, “ఇంక శనివారం పిల్లకు ఇటు పనుండదన్నమాట.”

ఆ తగ్గిన గొంతు జయకుమారికి తెలుసు. మూకుట్లో నూనె చల్లారుతుంటే గుమ్మం వైపు చూసే గొంతు అది. గెలిచింది కదా, శనివారం ఇక తనదే కదా, అదే కదా లెక్క. ఊరుకుంటే చాలు. ఊరుకుందామనే అనుకుంది.

“ఎందుకుండదు వదినగారూ,” అంది. “వస్తుంది. నేనూ వస్తాను. ఆడపిల్ల ఒక్కతే అంతదూరం మెట్రోలో ఎందుకూ.”

“రండి రండి,” అంది మాణిక్యం, ఒక్క క్షణం ఆగి. ఆ ఆగిన క్షణంలో ఏముందో కూడా జయకుమారికి బాగా తెలుసు, అందుకే ఆ సాయంత్రం మొదటిసారి నవ్వింది.

ఇదమ్మా సంగతి. మీరు దీన్ని గుర్తుపెట్టుకుని రేపు ఇంకెవరికన్నా చెప్పండి, డ్రైవరు సంగతి మరిచిపోయినా పరవాలేదు. ఒక్కటి మాత్రం మార్చకండి. జయకుమారి మనసు మారి మంచిదైపోయిందని చెప్పకండి, మెట్రోలో పిల్ల పక్క సీటు కోసమే వెళ్ళిందని చెప్పండి. చెప్పాక కింద మీ పేరు కూడా పెట్టండి, గడి ఖాళీగా వదలకండి.